కొట్టకుండా, భయపెట్టకుండా నేర్పే డాగ్ ట్రైనర్ కావడం ఎలా?

వరంగల్, హనుమకొండ, కాజీపేటల నుంచే కాక కరీంనగర్ నుంచి కూడా నన్ను అడిగేవారి ప్రశ్నలు దాదాపు ఒకటే రకంగా ఉంటాయి. కుక్కలకు శిక్షణ ఇచ్చే పనిని వృత్తిగా చేసుకోవచ్చా, చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు) వేయకుండా పెద్ద కుక్క మాట వింటుందా, ఇదంతా ఎక్కడ నేర్చుకోవాలి? మొదటి రెండింటికీ అవుననే సమాధానం. మూడోదానికి ఒక్క మాటలో చెప్పే సమాధానం లేదు కాబట్టి క్రమంగా రాస్తున్నాను. ఒక హెచ్చరిక మాత్రం ముందే చేయాలి. మీ దగ్గరికి వచ్చేది కుక్కే అయినా, పనిలో ఎక్కువ భాగం ఆ కుక్కను పెంచుకునే మనుషులకు నేర్పడమే. కుక్కలంటే ప్రాణం గాని మనుషులతో వేగలేననుకునే వారికి ఇది సరిపడే పని కాదు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

• తాయిలం, దాన్ని పెట్టుకోవడానికి నడుముకు కట్టుకునే చిన్న సంచి. ఉడికించిన చికెన్ కార్జం, ఉడికించిన గుడ్డు, పన్నీరు బాగా పనికొస్తాయి. శాకాహారుల ఇళ్లలో పన్నీరు, ఉడికించిన క్యారెట్టు చాలు. ముక్క శనగగింజంత ఉండాలి, అంతకు మించితే కుక్క నమలడంలో పడి పాఠం మరచిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూర ముక్కలు, ఎండుద్రాక్ష, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషంతో సమానం కాబట్టి అవి సంచి దరిదాపుల్లోకి కూడా రాకూడదు.

• ఒక క్లిక్కర్, అంటే నొక్కితే టిక్కుమని శబ్దం చేసే చిన్న పరికరం. దొరకకపోతే "ఎస్" వంటి పొట్టి మాట చాలు, అయితే ఎప్పుడూ ఒకే గొంతుతో పలకాలి.

• ఆరడుగుల పట్టీ, ఛాతీకి తొడిగే హార్నెస్, పిలిస్తే రావడం నేర్పడానికి పది మీటర్ల పొడవైన పట్టీ.

• గాలి ఆడే బుట్ట మజిల్, అంటే కరవకుండా మూతికి తొడిగే బుట్ట. కుక్క నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి. మూతిని బిగించి కట్టే గుడ్డ రకం ఎండాకాలంలో ప్రమాదకరం.

• స్లో మోషన్‌లో వీడియో తీయగల ఫోను, దాన్ని నిలబెట్టే స్టాండు, ఒక నోటు పుస్తకం, ఒక పాత దుప్పటి.

కొనకూడనివి కూడా చెప్పాలి. చోక్ చైన్, లోపలికి ముళ్లుండే కాలర్, షాక్ కాలర్ ఈ మూడూ మీ సంచిలో ఉండకూడదు. అమెరికాలో జంతు ప్రవర్తనపై పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన ప్రకటనలో, అన్ని కుక్కలకూ అన్ని సమస్యలకూ బహుమతి ఆధారంగా నేర్పే పద్ధతులనే వాడాలని స్పష్టంగా చెప్పింది. కారణం దయ ఒక్కటే కాదు. సైకిల్ మీద వెళ్లే పిల్లవాణ్ణి చూసి మొరిగిన క్షణాన మెడకు నొప్పి తగిలితే, కుక్క ఆ నొప్పిని తన మొరుగుతో కాక పిల్లవాడితో ముడిపెట్టుకోవచ్చు. అప్పుడు మొరుగు తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల భయం మాత్రం పెరుగుతుంది, ఏదో ఒక రోజు హెచ్చరిక లేకుండానే కరవవచ్చు.

1. మొదట చూడటం నేర్చుకోండి

తొలి నెలంతా ఏ కుక్కకూ ఏమీ నేర్పకుండా, కేవలం చూడండి. ఉదయం వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి యజమానులతో వచ్చే పెంపుడు కుక్కలు, టీ కొట్టు ముందు పడుకునే వీధి కుక్కలు, డాబా మీద నుంచి వీధిని కనిపెట్టుకుని ఉండే కుక్కలు, అన్నీ మీకు పాఠాలే. దూరం నుంచి చూడండి. దగ్గరికి వెళ్లి కళ్లలోకి తేరిపార చూస్తే వీధి కుక్క దాన్ని సవాలుగా తీసుకుంటుంది.

వెతకవలసినవి చిన్న చిన్న కదలికలు. తిండి లేకుండానే పెదవులు నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, తల పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లభాగం నెలవంకలా బయటపడటం, ముందు కాలు ఒకటి ఎత్తి ఉంచడం, తోక కాళ్ల మధ్యకు పోవడం. వీటన్నింటికంటే ముఖ్యమైనది ఒళ్లంతా ఒక్క క్షణం బిగుసుకుని ఆగిపోవడం. చాలా కాట్లకు ముందు ఈ బిగువు కనిపిస్తుంది, చాలామంది దాన్ని గమనించరు. తోక ఊపుతున్న కుక్క సంతోషంగా ఉందనే నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. నడుము నుంచి వదులుగా, వెనుక భాగమంతా కదిలేలా ఊగే తోక వేరు, పైకి నిక్కి గట్టిగా, చిన్న చిన్న కుదుపులతో ఊగే తోక వేరు.

సాధన ఇలా చేయండి. పిల్లలు కుక్కను కౌగిలించుకునే వీడియో ఏదైనా తీసుకుని, శబ్దం తీసేసి, వేగం తగ్గించి చూడండి. పిల్లవాడి చెయ్యి మెడ చుట్టూ పడగానే అంతవరకు తెరిచి ఉన్న నోరు మూసుకుంటుంది, చెవులు వెనక్కి వెళతాయి, నాలుక ఒకసారి ముక్కును తాకి లోపలికి పోతుంది, కళ్లు పిల్లవాడికి దూరంగా తిరుగుతాయి. ఇంట్లోవాళ్లు నవ్వుతూ తీసిన ఆ వీడియోలో కుక్క "చాలు" అని ఎన్నిసార్లు చెప్పిందో అప్పుడు లెక్క తెలుస్తుంది. పుస్తకంలో రాసేటప్పుడు "కోపంగా ఉంది", "మొండికేసింది" అని రాయకండి. "నోరు మూసింది, బరువు వెనుక కాళ్ల మీదికి మార్చింది" అని రాయండి. మీ స్నేహితుడు అదే వీడియో చూసి రాసినదానితో మీ రాత పోల్చుకోండి. ఇద్దరూ ఒకే కదలికలు పట్టుకునే దాకా తరువాతి మెట్టుకు వెళ్లవద్దు.

గుర్రుమనడం గురించి ఒక మాట. అది తప్పు కాదు, సమాచారం. గుర్రుమన్నందుకు తిట్టి మాన్పిస్తే పోయేది హెచ్చరిక మాత్రమే, కోపం అలాగే ఉంటుంది.

2. కుక్క లేకుండా చేతికి శిక్షణ ఇచ్చుకోండి

క్లిక్ శబ్దం కుక్కకు చెప్పేది ఒకటే, ఇప్పుడు నువ్వు చేసినదానికి తాయిలం వస్తోంది అని. క్లిక్ ఒక్క సెకను ఆలస్యమైనా కుక్క కూర్చున్నందుకు కాక లేచినందుకు బహుమతి ఇచ్చినట్టవుతుంది. అందుకని మీ టైమింగ్ కుదిరే దాకా పాపం ఏ కుక్క మీదా ప్రయోగాలు చేయకండి.

స్నేహితుణ్ణి బంతి వదలమనండి. బంతి నేలను తాకిన క్షణానే క్లిక్ చేయండి. ఎప్పుడు వదులుతాడో ముందే చెప్పవద్దని అతనికి చెప్పండి. తరువాత ఒక గిన్నె ముందు నిలబడి, క్లిక్ చేసి, సంచిలోంచి ఒక గింజ తీసి గిన్నెలో వేయండి. కింద పడకూడదు, రెండు రాకూడదు.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. క్లిక్ కంటే ముందే చెయ్యి సంచి వైపు వెళుతుంది. అప్పుడు కుక్క మీ మాట వినడం మాని మీ చెయ్యి చూడటం మొదలుపెడుతుంది. వీడియో తీసి చూసుకుంటే తప్ప ఇది బయటపడదు. స్లో మోషన్‌లో శబ్దం ముందు, చెయ్యి కదలిక తరువాత వస్తే మీరు సిద్ధమైనట్టే.

3. ఒక కుక్కకు ఐదు పనులు పూర్తిగా నేర్పండి

బంధువులదో స్నేహితులదో ఆరోగ్యంగా, మనుషులతో కలుపుగోలుగా ఉండే కుక్కను ఎంచుకోండి. లాబ్రడారే అక్కరలేదు, మన నాటు కుక్క చాలా చురుగ్గా నేర్చుకుంటుంది. పేరు పిలిస్తే చూడటం, అరచేతికి ముక్కు తాకించడం, దుప్పటి మీద పడుకుని ఉండటం, పట్టీ లాగకుండా నడవడం, పిలిస్తే రావడం, ఈ ఐదూ వచ్చిన కుక్కతో ఏ ఇల్లయినా హాయిగా ఉండగలదు. ఒకసారికి మూడు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు చేయండి. అరగంట పాఠాలు కుక్కను విసిగిస్తాయి, మిమ్మల్ని కూడా.

దుప్పటి పాఠాన్ని వివరంగా చెబుతాను, మిగతావాటికీ తీరు ఇదే. దుప్పటిని నేల మీద పరవండి. కుక్క దాని వైపు చూడగానే క్లిక్ చేసి, తాయిలాన్ని దుప్పటి మీదే పెట్టండి. చేతితో నోటికి అందించవద్దు. తినడానికి దుప్పటి మీదికి రావడమే సగం పాఠం. తరువాత ఒక కాలు పెడితే క్లిక్, ఆ తరువాత నాలుగు కాళ్లూ పెడితేనే క్లిక్, ఆ తరువాత మోచేతులు నేలకు ఆనితేనే క్లిక్. పడుకున్నాక ఒక సెకను, మూడు సెకన్లు, ఐదు సెకన్లు ఆగి ఇవ్వండి, మధ్యలో ఒకసారి మళ్లీ ఒక సెకనుకే ఇవ్వండి. సమయం ఎప్పుడూ పెరుగుతూనే పోతే కుక్క లేచిపోతుంది. అది కుదిరాకే మీరు ఒక అడుగు వెనక్కి వేయండి. కాలింగ్ బెల్లు మోగినా లేవకుండా ఉండటం చివరి మెట్టు. సమయాన్ని, దూరాన్ని, చుట్టూ జరిగే హడావుడిని ఒకేసారి పెంచకూడదు. ఒకటి పెంచినప్పుడు మిగతా రెండూ తగ్గించాలి.

ఎప్పుడు పెంచాలో తెలియకపోతే ఐదేసి ప్రయత్నాలుగా లెక్కపెట్టండి. ఐదుకు ఐదూ సరిగ్గా చేస్తే ఒక మెట్టు పెంచండి. మూడో నాలుగో అయితే అక్కడే ఉండండి. రెండు, అంతకంటే తక్కువైతే వెనక్కి వెళ్లండి. ఆవేశంతో "ఇంకొక్కసారి" అనుకునే ట్రైనర్‌ను ఈ లెక్క ఆపుతుంది.

కుక్క దుప్పటి వైపు అసలు చూడకపోతే ప్రత్యామ్నాయం ఉంది. తాయిలాన్ని దాని ముక్కు ముందు పట్టుకుని మెల్లగా దుప్పటి మీదికి, నేల దాకా తీసుకువెళ్లండి. మూడు నాలుగు సార్లయ్యాక అదే కదలికను ఖాళీ చేతితో చేసి, తాయిలం సంచిలోంచి ఇవ్వండి. ఈ ఒక్క అడుగు దాటవేసిన ఇళ్ల నుంచే "తిండి కనిపిస్తేనే మాట వింటుంది" అన్న ఫిర్యాదు వస్తుంది. తాయిలం బహుమతిగా రావాలి, లంచంలా ముందే కనిపించకూడదు.

ఇంట్లో వచ్చిన పాఠం గేటు దగ్గర రాకపోతే అది పొగరు కాదు. కుక్కకు హాలు ఒక చోటు, వరండా మరో చోటు, వీధి పూర్తిగా వేరే లోకం. చోటు మారిన ప్రతిసారీ మొదటి మెట్టు నుంచి త్వరత్వరగా ఎక్కించండి. తాయిలం అసలు ముట్టకపోతే మూడు కారణాలు చూడండి. కడుపు నిండి ఉండవచ్చు, ఎండ ఎక్కువై ఉండవచ్చు, భయపడుతూ ఉండవచ్చు. భయమైతే పాఠం ఆపి దూరం పెంచండి. తిండి మీద ఆసక్తి తక్కువైన కుక్కకు బంతి, గేటు తెరవడం, చెట్టు మొదట్లో వాసన చూడనివ్వడం కూడా బహుమతులే.

4. సిద్ధాంతం, అవసరమైనంత వరకే

చేసిన పనికి మంచి ఫలితం వస్తే ఆ పని మళ్లీ జరుగుతుందన్నది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పరిశోధనల సారం. ఒక దాని వెంట మరొకటి వస్తూ ఉంటే మొదటిది ఎదురైనప్పుడే రెండోదాని అనుభూతి కలుగుతుందన్నది రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ చూపించినది. మీకు రోజూ పనికొచ్చేవి ఈ రెండే.

"నువ్వే ఆల్ఫా (గుంపును అదుపులో పెట్టే నాయకుడు) అని కుక్కకు చూపించాలి" అనేవారు తప్పకుండా తారసపడతారు. ఆ మాటకు మూలం, బంధించి ఉంచిన తోడేళ్లను చూసి జంతు శాస్త్రవేత్త షెంకెల్ 1947లో రాసిన పరిశీలన. ఆ ఆలోచనను జనంలోకి తీసుకువెళ్లినవారిలో ఒకరైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ స్వయంగా 1999లో, అడవిలోని తోడేళ్ల గుంపు నిజానికి తల్లిదండ్రులు, పిల్లలు ఉండే కుటుంబమని రాశారు. వాదనకు దిగకుండా ఇంతవరకు చెప్పి ఊరుకోండి.

పావ్లోవ్ సూత్రం మన దగ్గర ఎక్కువగా అక్కరకు వచ్చేది పండుగల కాలంలో. గణేశ్ నిమజ్జనం డీజేలు మొదలుకొని దసరా, దీపావళి పటాకుల దాకా చప్పుళ్లకు వణికే కుక్కలు ప్రతి వాడలో ఉన్నాయి. వినాయక చవితికి కనీసం నెల ముందే మొదలుపెట్టాలి. పటాకుల శబ్దం రికార్డును, కుక్క చెవి కదిపినా ఒళ్లు బిగించనంత తక్కువగా వినిపించి, వెంటనే కార్జం ముక్క ఇవ్వండి. శబ్దం ఆగితే తాయిలం కూడా ఆగాలి. వరుస చాలా ముఖ్యం. తాయిలం ముందు చూపించి తరువాత శబ్దం వినిపిస్తే, కొన్నాళ్లకు తాయిలం చూసినా కుక్క మంచం కిందికి దూరుతుంది. భయపడిన కుక్కను దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందన్న మాటలో నిజం లేదు, నిమరవచ్చు. పండుగ రోజునే పిలిచి "ఇప్పుడే తగ్గించండి" అంటే మాత్రం చేయగలిగేది తలుపులు, కిటికీలు మూసి ఫ్యాను, టీవీ పెట్టి ఒక మూల ఏర్పాటు చేయడమే. భయం మరీ తీవ్రంగా ఉంటే మందుల సంగతి పశువైద్యుడితో ముందే మాట్లాడమనండి.

5. పశువైద్యుడిని దాటి వెళ్లకండి

నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి కరవబోయినా, ఇల్లంతా మూత్రం పోసినా, ముట్టుకోనివ్వకపోయినా పాఠం మొదలుపెట్టకుండా ముందు డాక్టరు దగ్గరికి పంపండి. చెవిలో చీము, కీళ్ల నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్, గోమార్ల వల్ల వచ్చే జ్వరం, ఇవన్నీ పైకి ప్రవర్తన సమస్యల్లాగే కనిపిస్తాయి. ప్రైవేటు క్లినిక్కులతో పాటు మామునూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది కాబట్టి మన ప్రాంతం వారికి చూపించుకునే చోటు లేదనే సాకు లేదు. మీ అంతట మీరు మందు పేరు చెప్పకండి, మత్తు మందుల జోలికి అసలే వెళ్లకండి.

కుక్కపిల్లల విషయంలో తేదీలు గుర్తుంచుకోవాలి. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా అవి లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. టీకాలన్నీ పూర్తయ్యేవరకు గడప దాటించవద్దన్న సలహా వల్ల ఆ వయసంతా నాలుగు గోడల మధ్య గడిచిపోయి, పెద్దయ్యాక ఆటో చూసినా హెల్మెట్ చూసినా బెదిరే కుక్కలు తయారవుతాయి. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు సోకుతుందన్న భయం నిజమే. అందుకే మధ్యే మార్గంగా, నేల మీద దించకుండా ఎత్తుకుని కాజీపేట స్టేషన్ రోడ్డు చప్పుళ్లు వినిపించమనండి, టీకాలు వేసిన కుక్కలున్న ఇంటికి తీసుకువెళ్లమనండి.

ఏప్రిల్, మే నెలల్లో బయటి పాఠాలు ఉదయం ఏడింటికల్లా ముగించండి. చెయ్యి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క అరికాళ్లు కూడా ఆ రోడ్డు మీద కాలతాయి. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఎండదెబ్బ మరీ త్వరగా తగులుతుంది.

6. మీ రక్షణ, చట్టం

ఈ వృత్తిలో దిగేముందే డాక్టరును అడిగి రేబిస్ ముందస్తు టీకా వేయించుకోండి. కుక్క కరిచినా, గోటితో గీరినా సబ్బుతో, ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పూయకూడదు. ముందస్తు టీకా వేసుకున్నవారు కూడా కాటు తరువాత మళ్లీ డోసులు తీసుకోవాలి. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రిలో ఈ టీకా వేస్తారు. రేబిస్ టీకా కార్డు చూపించని ఇంటి కుక్కను మీరు ముట్టుకోనక్కరలేదు.

1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ జంతువును కొట్టడం, తన్నడం, అనవసరంగా బాధపెట్టడం నేరమంటుంది. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో అకారణంగా ఎక్కువసేపు కట్టి ఉంచడాన్ని, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకుండా వదిలేయడాన్ని కూడా అదే సెక్షన్ పేర్కొంటుంది. గేటు పక్కన గొలుసుతో రోజంతా ఉండే కుక్క "మొరుగుతోంది" అని మిమ్మల్ని పిలిచినప్పుడు, మెత్తగానైనా ఈ సంగతి చెప్పవలసినవారు మీరే.

7. ఇంటివాళ్లకు నేర్పడం నేర్చుకోండి

అసలు పని ఇక్కడుంది. చాలామంది కొత్త ట్రైనర్లు మొదటి రోజే పట్టీ తమ చేతికి తీసుకుని, కుక్కతో నాలుగు పనులు చేయించి, అందరిచేతా శభాష్ అనిపించుకుని వెళ్లిపోతారు. మరునాడు కుక్క మళ్లీ మామూలే, "ట్రైనర్ ఉంటేనే వింటుంది" అని ఫోను వస్తుంది. కుక్కను నెల రోజులు తమ దగ్గర ఉంచుకుని నేర్పి పంపే పద్ధతికి నేను వ్యతిరేకిని, కారణం ఇదే. అక్కడ మారేది కుక్క ఒక్కటే, ఇల్లు మారదు. పైగా మూసిన గేటు వెనుక ఏ పద్ధతి వాడారో ఇంటివాళ్లకు తెలిసే వీలు లేదు.

గంట పాఠంలో కుక్కతో మీరు చేసి చూపేది ఐదు నిమిషాలకు మించకూడదు. తరువాత తాయిలం సంచి ఇంటివాళ్ల నడుముకు కట్టండి. ఒక్కరితో కాదు, కుక్కతో ఎక్కువసేపు గడిపేవారితో చేయించండి. ఫీజు కట్టేది నాన్న కావచ్చు, అన్నం పెట్టేది అమ్మ, బయటికి తిప్పేది పదో తరగతి చదివే అబ్బాయి, చపాతీ ముక్క చాటుగా విసిరేది నానమ్మ. ఆ నానమ్మను తప్పుపడితే పాఠం అక్కడే ఆగిపోతుంది. "పెద్దమ్మా, మీరు పెట్టే ముక్క దుప్పటి మీద వేయండి, అది అక్కడికే వచ్చి పడుకుంటుంది" అని చెప్పి చూడండి, వారం తిరిగేసరికి ఆ ఇంట్లో అందరికంటే బాగా నేర్పేది ఆమే అవుతుంది.

మాట ఏదైనా ఇల్లంతా ఒకటే వాడాలి. "రా" అని ఒకరు, "కమ్" అని ఒకరు, "ఇటు దా" అని ఇంకొకరు పిలిస్తే కుక్కకు మూడు పాఠాలవుతాయి. ఎంచుకున్న మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించమనండి.

"దూకకూడదు", "మొరగకూడదు" అన్న కోరికలను అలాగే తీసుకోకండి. దూకే బదులు ఏం చేయాలో అడగండి. చుట్టాలు వస్తే నాలుగు కాళ్లూ నేల మీద ఉండాలి, బెల్లు మోగితే దుప్పటి మీదికి పోవాలి అన్నవి నేర్పగలిగే పాఠాలు. కూడదన్నది పాఠం కాదు. కుక్క సరిగ్గా చేసినప్పుడు పట్టించుకోకపోవడం ప్రతి ఇంట్లో జరిగే పొరపాటు. మొరిగితే అందరూ పరుగెత్తుకొస్తారు, గంటసేపు బుద్ధిగా పడుకుంటే ఎవరూ పలకరించరు. ఇంటికి ఇచ్చే హోంవర్కు ఒక్కటే ఉండాలి, రెండు ఇస్తే రెండూ చేయరు.

"మా ఇంటికి వచ్చిన పాత ట్రైనర్ గొలుసు వాడి రెండు రోజుల్లో దారికి తెచ్చాడు" అని ఎవరైనా అంటే ఆయన్ను నిందించకండి. కుక్క ఏ పని మానేసిందో, ఇప్పుడు మనుషులు దగ్గరికి వస్తే ఎలా ఉంటుందో అడగండి. సమాధానం వాళ్లే వెతుక్కుంటారు.

8. కోర్సులు, సర్టిఫికెట్లు

మన దేశంలో ట్రైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి డిగ్రీ ఉండాలని ఎవరూ అడగరు. అందుకే కోర్సు ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. అమెరికాకు చెందిన సర్టిఫికేషన్ కౌన్సిల్ ఫర్ ప్రొఫెషనల్ డాగ్ ట్రైనర్స్ ఇచ్చే సీపీడీటీ-కేఏ పరీక్ష రాయాలంటే, గత మూడేళ్లలో కనీసం 300 గంటలు శిక్షణ ఇచ్చిన అనుభవం చూపించాలి. కాబట్టి మొదటి రోజు నుంచే గంటలు, తేదీలు రాసిపెట్టుకోండి. కారెన్ ప్రయర్ అకాడమీ క్లిక్కర్ పద్ధతిలో ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. పెంపుడు జంతువులతో పనిచేసేవారి సంఘంగా 2012లో మొదలైన పెట్ ప్రొఫెషనల్ గిల్డ్ సభ్యులు షాక్, చోక్, ముళ్ల కాలర్లు వాడబోమని ఒప్పుకోవాలి. ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, ఖర్చు కూడా తక్కువ కాదు. వెంటనే చేరలేకపోతే అనుభవం ఉన్న ట్రైనర్ వెంట సహాయకుడిగా తిరగడం మంచి మార్గం.

ఏ కోర్సులో చేరేముందైనా, ఎవరి వెంట తిరిగేముందైనా రెండు ప్రశ్నలు అడగండి. కుక్క తప్పు చేస్తే మీరు సరిగ్గా ఏం చేస్తారు? అది పనిచేయకపోతే ఆ తరువాత ఏం చేస్తారు? "మందలిస్తాం", "కరెక్షన్ ఇస్తాం" అంటే అది ఎలాగో చేసి చూపించమనండి. తాయిలమూ గొలుసూ రెండూ వాడేవారు తమ పద్ధతిని "బ్యాలెన్స్‌డ్" అంటారు. పేరు వినడానికి బాగుంటుంది, కుక్క మెడకు మాత్రం తేడా ఉండదు. పోలీసు జాగిలాల శిక్షణ చూసి అదే ఇంటి కుక్కకు పనికొస్తుందనుకోవడం కూడా సరికాదు, ఆ ఉద్యోగం వేరు, ఆ కుక్కల ఎంపిక వేరు.

9. మొదటి కేసులు

కుక్కపిల్లల పెంపకం, పట్టీ లాగడం, దూకడం, పిలిస్తే రాకపోవడం, మొదటి ఏడాది ఇవి చాలు. మనిషిని కరిచి గాయం చేసిన కుక్క, ఒంటరిగా ఉంటే తలుపులు చీల్చే కుక్క, తిండి గిన్నె దగ్గర పిల్లల మీదికి దూకే కుక్క, ఈ కేసులను అనుభవం ఉన్నవారికి అప్పగించండి. కాదనడం చేతకానితనం కాదు. అప్పగించేలోగా గిన్నె వేరే గదిలో పెట్టడం, పిల్లలకూ కుక్కకూ మధ్య అడ్డు గేటు వేయడం, మజిల్ అలవాటు చేయడం వంటి జాగ్రత్తలు మాత్రం చెప్పి రండి. మజిల్‌ను ఉన్నపళంగా తొడగకూడదు. లోపల పన్నీరు రాసి, కుక్క తనంతట తాను మూతి పెట్టే దాకా రోజూ కొద్దికొద్దిగా చేయాలి.

ఫీజు గంటల లెక్కన కాక, నాలుగు లేక ఆరు పాఠాల వరుసగా చెప్పండి. హన్మకొండ నుంచి కాజీపేటకు, ఖిలా వరంగల్‌కు వెళ్లివచ్చే పెట్రోలు, దారిలో పోయే సమయం అందులోనే కలపండి. "పది రోజుల్లో గ్యారంటీ" అని ఎప్పుడూ రాయకండి. కాగితం మీద మీరు వాడే పద్ధతి, వాడని పరికరాలు, పాఠం మానేస్తే ఏం చేస్తారు, కుక్క గతంలో ఎవరినైనా కరిచిందా అన్న వివరాలు రాసి ఇద్దరూ సంతకం చేయండి. కాటు సంగతి దాచే ఇళ్లు చాలానే ఉంటాయి. "ఎప్పుడైనా పళ్లు తగిలాయా?" అని అడిగితే నిజం బయటికి వస్తుంది.

ఫలితం సరిచూసుకోవడం

మొదటి రోజే సమస్యను లెక్కలో రాయండి. బెల్లు మోగితే ఎన్ని సెకన్లు మొరుగుతుంది, గేటు నుంచి మలుపు దాకా ఎన్నిసార్లు పట్టీ బిగుస్తుంది, పదిసార్లు పిలిస్తే ఎన్నిసార్లు వస్తుంది. మూడు వారాల తరువాత అదే చోట, అదే సమయంలో, అదే మనిషితో మళ్లీ లెక్కపెట్టండి. "కొంచెం నయం" అన్న మాటను ఫలితంగా తీసుకోకండి. అంకె మారకపోతే కుక్కను కాదు, మీ ప్రణాళికను మార్చండి. ఎక్కువసార్లు దొరికే లోపాలు మూడు. మెట్టు మరీ ఎత్తుగా ఉండటం, తాయిలం ఆ కుక్కకు రుచించనిది కావడం, ఇంట్లో ఒకరు పాత పద్ధతే కొనసాగించడం.

అంకెతో పాటు కుక్క ఒళ్లు కూడా చూడాలి. పిలిస్తే పదికి పదిసార్లు వస్తూ, చెవులు వెనక్కి వేసి, పొట్ట నేలకు రాస్తూ వస్తే ఎక్కడో ఎవరో భయపెడుతున్నారని అర్థం. నోరు వదులుగా, అడుగు తేలిగ్గా వేస్తూ వస్తేనే పాఠం వచ్చినట్టు.

మిమ్మల్ని మీరు సరిచూసుకోవడానికి నెలకు ఒక పాఠాన్ని మొత్తం వీడియో తీసి, అందులో మీ చేతి టైమింగ్, కుక్క "చాలు" అన్న సంకేతాలు, ఇంటివాళ్లు పట్టీ పట్టుకున్న నిమిషాలు లెక్కపెట్టండి. పాఠాల వరుస పూర్తయిన మూడు నెలల తరువాత ఒకసారి ఆ ఇంటికి ఉచితంగా వెళ్లి రండి. ఆ రోజు సంచి తీసుకువెళ్లకండి, కుక్కతో మాట్లాడకండి. ఒక మూల కూర్చుని, ఆ ఇంట్లో కుక్కతో తక్కువ సమయం గడిపే మనిషిని దాన్ని దుప్పటి మీదికి పంపమనండి. వెళ్లకపోతే ఏ మెట్టు దగ్గర ఆగిందో అక్కడి నుంచి ఆ మనిషి చేతనే మళ్లీ చేయించండి.